ప్లేటు ఎంత అని అడగడం మానేద్దాం



ఈ పోస్టు కొంచెం పొడుగు. ఓపిగ్గా చివరిదాకా చదవండి. నచ్చకపోతే తిట్టండి, కాదనను. కానీ సగం చదివి మాత్రం తిట్టకండి.

ట్రాక్టర్ క్లచ్ ఎప్పుడు పోతుంది? దమ్ము మధ్యలో పోతుంది. లేకపోతే ధాన్యం లోడు రోడ్డెక్కినప్పుడు పోతుంది. బండి గట్టిగా పని చేసేది అప్పుడే కాబట్టి పోయేది కూడా అప్పుడే. అప్పుడు మనం ఏం చేస్తున్నాం? షాపుకి ఫోన్ కొట్టి "ప్లేటు ఎంత?" అంటాం. అవతలాయన ఒక రేటు చెబుతాడు. "ఇంకొంచెం తక్కువలో లేదా?" అంటాం. ఉంటుంది. తక్కువలో ఎప్పుడూ ఇంకోటి ఉంటుంది. "సరే పంపు" అంటాం. అంతే, బేరం అయిపోయింది. మూడో ప్రశ్న లేదు.

విత్తనం కొనేటప్పుడు ఇలాగే కొంటామా? ఏ రకం, ఎన్ని రోజుల పంట, పడిపోతుందా నిలబడుతుందా, దోమకి ఆగుతుందా అని పది మందిని అడుగుతాం. గేదెని కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, పొదుగు చూస్తాం, రెండు పూటలా పాలు పిండించి చూస్తాం. కిస్తీలు కట్టి కొనుక్కున్న లక్షల బండికి గుండెకాయ లాంటి సామాను దగ్గరికి వచ్చేసరికి మాత్రం రేటు ఒక్కటే అడుగుతాం. నా కోపం దీని మీదే.

నేను చెప్పేది ఒక్కటే మాట. క్లచ్‌ని ఎంచుకోవాల్సింది షాపు కౌంటరు కాదు, మన జేబు కూడా కాదు. మన బండి చేసే పని ఎంచుకోవాలి. ఆ పనేంటో మనకి తప్ప ఇంకెవరికీ తెలియదు కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు కూడా మనమే అడగాలి.

మన చుట్టూ నాలుగు మాటలు తిరుగుతున్నాయి. నాలుగూ వినడానికి బాగుంటాయి. నాలుగూ మన కొంప ముంచేవే. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటి మాట: "ప్లేటు ఒక్కటి మారిస్తే చాలండీ"

బైకుకి క్లచ్ ప్లేట్లు మార్చడం వేరు. ట్రాక్టర్లో క్లచ్ ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే బండిని నడుం దగ్గర రెండు ముక్కలు చేయాలి. ముందు సగం కింద దుంగలు పెట్టాలి, వెనక సగం కింద జాకీ పెట్టాలి, వైర్లూ పైపులూ లింకులూ విప్పాలి. మెకానిక్కి తోడు ఇద్దరు మనుషులు కావాలి. ఈ కూలి ప్లేటు ఒక్కటి వేసినా అంతే, లోపలున్నవన్నీ మార్చినా అంతే. ఇక్కడే మన లెక్క తప్పుతోంది.

లెక్క వేద్దాం. సులువుగా ఉండటానికి కొన్ని అంకెలు అనుకుందాం, మీ బండికి మీ ఊరి రేట్లు మీరు పెట్టుకోండి. ప్లేటు 4,000. ప్రెషర్ ప్లేటు 7,000. రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, ఆయిల్ సీలు, ఫ్లైవీల్ ఫేసింగ్ అన్నీ కలిపి 3,000. విప్పి బిగించే కూలి 5,000.

ఒకాయన ప్లేటు ఒక్కటే వేయించాడు. 9,000 అయింది. పక్కాయన అన్నీ వేయించాడు. 19,000 అయింది. రచ్చబండ దగ్గర మొదటాయన తెలివైనవాడు, రెండో ఆయన డబ్బు ఎక్కువైనవాడు. బాగుంది. తర్వాత సీజన్లో మొదటాయన బండి మళ్ళీ జారింది. ప్రెషర్ ప్లేటు స్ప్రింగులు చచ్చిపోయాయి. ఇప్పుడు కొత్త ప్లేటు కూడా కాలిపోయింది కాబట్టి అన్నీ కొనాలి, మళ్ళీ విప్పాలి. ఇంకో 19,000. మొత్తం 28,000. మొదట పెట్టిన 9,000 బూడిదలో పోసిన పన్నీరు. బండి ఆగిన రోజులు, చేతిలో ఉన్న కిరాయి పక్కవాడికి పోవడం, నారు ముదిరిపోవడం ఈ లెక్కలో వేయనే లేదు.

ఎందుకు జారింది? క్లచ్‌కి పట్టు మూడిటి నుంచి వస్తుంది. స్ప్రింగులు ఎంత గట్టిగా నొక్కుతున్నాయి అన్నది ఒకటి. లైనింగు ఎంత రాపిడి ఇస్తోంది అన్నది రెండోది. ప్లేటు ఎంత పెద్దది అన్నది మూడోది. కొత్త ప్లేటు వేస్తే మనకి కొత్తగా వచ్చింది లైనింగు ఒక్కటే. సైజు ఎలాగూ మారదు. నొక్కే స్ప్రింగులు పాతవే. ఏళ్ళ తరబడి వేడికి కాగి మెత్తబడినవే. కొత్త బూటుకి పాత తెగిపోయే లేసు కట్టినట్టు ఉంటుంది ఆ పని.

అలాగని ప్రతి బండికీ అన్నీ మార్చి తీరాలని నేను అనడం లేదు. ప్లేటు తొందరగా పాడై, ప్రెషర్ ప్లేటు ఇంకా కొత్తదే అయితే ఉంచుకోవచ్చు. కానీ చూసి ఉంచుకోవాలి. దాని ముఖం మీద నీలం మచ్చలు ఉన్నాయా? సన్నటి పగుళ్ళు ఉన్నాయా? స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో గుంత పడిందా? ఫింగర్ల కొనలు అరిగాయా, అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా? ఇవేవీ లేకపోతే ఉంచండి. "బాగానే ఉందిలే" అని పైపైన చూసి చెప్పే మాటని మాత్రం ఒప్పుకోకండి. స్కేలు పెట్టి చూపించమనండి.

రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, సీలు విషయంలో అసలు బేరమే వద్దు. మొత్తం ఖర్చులో వాటిది చిన్న భాగం. అవి పోతే మళ్ళీ విప్పాల్సింది మాత్రం మొత్తం బండిని. ఫ్లైవీల్ మీద గీతలు, వేడి పగుళ్ళు ఉంటే లేతు దగ్గర ఫేసింగ్ కొట్టించాలి. కొన్ని బండ్లకి ఫ్లైవీల్ అంచు ఎత్తుగా, మధ్యభాగం గుంతగా ఉంటుంది. అలాంటిదానికి మధ్యలో ఎంత తీస్తే, ప్రెషర్ ప్లేటు కూర్చునే అంచు కూడా అంతే తీయాలి. మధ్యలో మాత్రమే తీసి వదిలేస్తే ప్రెషర్ ప్లేటు నొక్కే బలం తగ్గిపోతుంది, అన్నీ కొత్తవి వేసినా జారుతుంది. లేతు ఆయనకి ఈ మాట చెప్పి మరీ ఇవ్వండి.

రెండో మాట: "బటన్ ప్లేటు వేయండి, జన్మలో చూసుకోనక్కర్లేదు"

ఇది ఈమధ్య వచ్చిన మోజు. మామూలు ప్లేటుకి చుట్టూ గుండ్రంగా లైనింగు ఉంటుంది. బటన్ ప్లేటుకి అక్కడక్కడా రాగి రంగు ముక్కలు ఉంటాయి. లోహపు పొడి, సిరామిక్ పొడి కలిపి, ఒత్తి, కొలిమిలో కాల్చి చేసిన ముక్కలవి. వేడికి బాగా ఆగుతాయి. పట్టు ఎక్కువ. ఇంతవరకూ నిజమే, కాదనడానికి లేదు.

చెప్పని సగం ఏంటంటే, ఆ పట్టు నెమ్మదిగా రాదు. మామూలు ప్లేటు కాస్త జారి, మెల్లగా పట్టుకుంటుంది. బటన్ ప్లేటు లటుక్కున పట్టేస్తుంది. ఆ కుదుపు ఎక్కడికి పోతుంది? గేరు పళ్ళ మీదికి, షాఫ్టు మీదికి, క్రౌన్ పినియన్ మీదికి పోతుంది. హాఫ్ క్లచ్ మీద బండి నడిపే అలవాటున్న డ్రైవర్ చేతిలో పెడితే ఆ ముక్కలు తాము అరగకుండా ఎదురుగా ఉన్న ఫ్లైవీల్‌నీ, ప్రెషర్ ప్లేటునీ తినేస్తాయి. ప్లేటు మిగులుతుంది, ఫ్లైవీల్ పోతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

మరి బటన్ ప్లేటు ఎవరికి? ముందు లోడరు గానీ డోజరు గానీ కట్టి రోజంతా ముందుకీ వెనక్కీ తిప్పే బండికి పనికొస్తుంది. చెరకు లోడు, ఇటుక లోడు, కంకర లోడు ఏడాది పొడుగునా లాగే బండికి పనికొస్తుంది. డ్రైవర్ మీరే అయి, పెడల్ పూర్తిగా వదిలి నడిపే అలవాటు ఉంటే పనికొస్తుంది. కొన్ని పెద్ద బండ్లకి కంపెనీ నుంచే ఆ రకం వస్తుంది. అలా వచ్చిన బండికి మళ్ళీ అదే వేయాలి, డబ్బు మిగులుతుందని మామూలుది వేయకూడదు.

దమ్ము, దుక్కి, రోటవేటరు, ఏడాదికి కొన్ని ధాన్యం ట్రిప్పులు, ఇది మనలో చాలామంది బండి చేసే పని. మామూలు లైనింగుతో వచ్చిన బండి అయితే ఈ పనికి మంచి మామూలు ప్లేటు చాలు. మామూలు ప్లేటు ఏడాదికే కాలిపోతోంది అంటే దోషం ప్లేటు రకంలో కాదు, ఇంకెక్కడో ఉంది. దాన్ని వెతకకుండా ఇంకా గట్టి ప్లేటు వేస్తే ఆ దోషం గేరుబాక్సు దాకా పాకుతుంది.

ఇంకో మాట. బటన్ ప్లేటే వేయాలనుకుంటే దానికి జతగా చెప్పిన ప్రెషర్ ప్లేటుతో కలిపి సెట్టుగా వేయండి. పాత ప్రెషర్ ప్లేటు మీద బటన్ ప్లేటు ఒక్కటి తగిలించడం సగం సగం పని.

మూడో మాట: "కంపెనీదైనా లోకల్‌దైనా అంతా ఒకటే"

ఒకటే అయితే రేటు ఎందుకు సగం ఉందండీ?

బజార్లో మూడు రకాల సరుకు ఉంటుంది. మొదటిది ట్రాక్టర్ కంపెనీ పేరుతో డబ్బాలో వచ్చేది. రెండోది క్లచ్ తయారుచేసే కంపెనీ తన సొంత పేరుతో అమ్మేది. మూడోది పేరూ ఊరూ లేనిది, లేదా పేరున్న డబ్బాలో పెట్టిన నకిలీది.

మనలో చాలామందికి తెలియని విషయం ఏంటంటే, ట్రాక్టర్ కంపెనీలు సాధారణంగా క్లచ్‌లు సొంతంగా తయారు చేయవు. క్లచ్‌లు చేసే కంపెనీల దగ్గర కొని బండికి బిగిస్తాయి. లూక్ లాంటి పేర్లు మీ పాత ప్రెషర్ ప్లేటు మీద పోత పోసో, ముద్ర కొట్టో కనిపిస్తాయి, తుడిచి చూడండి. అదే తయారీదారు అదే నంబరుతో బయట అమ్మే సరుకు దొరికితే అది కూడా అసలైనదే, చాలాసార్లు రేటు కూడా కొంచెం కలిసొస్తుంది. నేను ఏ కంపెనీకీ ఏజెంటుని కాదు. మీ బండిలో మొదట్నుంచీ ఏ పేరుందో ఆ పేరే వెతకండి, అంతే. డబ్బు ఆదా చేసుకోవాలంటే ఇది దారి. పేరులేని డబ్బా దారి కాదు.

నకిలీలో ఏం తేడా ఉంటుంది? కంటికి ఏమీ కనపడదు. రంగు ఇంకా మెరుస్తుంది కూడా. తేడా అంతా లోపల ఉంటుంది. లైనింగు వేడెక్కగానే పట్టు వదిలేస్తుంది. హబ్బులోని స్ప్రింగులు వదులవుతాయి. ప్రెషర్ ప్లేటు స్ప్రింగుల బలం ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. పాత ప్లేటుకే కొత్త లైనింగు రివెట్లు కొట్టి, రంగు వేసి కొత్తదిగా అమ్మేవాళ్ళూ ఉన్నారు. లైనింగు కొత్తదే, కానీ హబ్బు, స్ప్రింగులు, స్ప్లైన్ పళ్ళు ఎన్ని వేల గంటలు తిరిగినవో ఎవరికి తెలుసు?

కాబట్టి కొనేటప్పుడు ఇవి చేయండి. బండి పేరు చెప్పి కొనకండి, చాసిస్ నంబరు చెప్పి కొనండి. ఒకే పేరుతో వచ్చిన బండికి ఒక ఏడాది ఒక సైజు, ఇంకో ఏడాది ఇంకో సైజు క్లచ్ వచ్చి ఉండొచ్చు. 11 అంగుళాలదీ 12 అంగుళాలదీ రెండూ మన బండ్లలో ఉన్నాయి. పాత ప్లేటు సంచిలో వేసుకుని వెళ్ళండి. కొత్తదాని పక్కన పెట్టి చూడండి. అడ్డం కొలత, స్ప్లైన్ పళ్ళ లెక్క, హబ్బు ఎత్తు, హబ్బు ఏ వైపు ఎంత పొడుచుకొచ్చింది, ఇవన్నీ అచ్చు అలాగే ఉండాలి. రివెట్ల తలలు లైనింగు లోపలికి బాగా దిగి ఉండాలి. వేలితో తడిమి చూడండి, పైకే తగులుతుంటే వదిలేయండి.

నాలుగో మాట: "బిల్లు ఎందుకండీ, టాక్సు దండగ"

ఈ మాట చెప్పి మన నోరు మూయించడం చాలా తేలిక. ఎందుకంటే ఒకప్పుడు ఆ టాక్సు నిజంగానే బరువుగా ఉండేది. ట్రాక్టర్ క్లచ్ సామాను మీద జీఎస్టీ 18 శాతం. 10,000 సామానుకి 1,800. బిల్లు వద్దంటే అది మిగిలిందని మనం సంబరపడేవాళ్ళం.

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల క్లచ్ అసెంబ్లీ, దాని భాగాల మీద జీఎస్టీ 5 శాతమే. ట్రాక్టర్ల మీద ఉన్న 12 శాతం కూడా అదే రోజు నుంచి 5 అయింది. అంటే 10,000 సామానుకి ఇప్పుడు 500. ఆ 500 కోసం బిల్లు వదులుకుంటామా? షాపాయన ఇంకా 18 శాతం లెక్క చెబుతుంటే ఈ తేదీ చెప్పి అడగండి.

బిల్లు లేకపోతే ఆ సామాను అక్కడ కొన్నట్టు రుజువేదీ లేదు. పది రోజుల్లో లైనింగు ఊడిపోయిందని తీసుకెళ్తే "మా దగ్గర కొన్నదేనా?" అంటాడు. ఏం చెబుతారు? బిల్లు ఉంటే, దాని మీద పార్టు నంబరు రాసి ఉంటే, మాట వేరుగా ఉంటుంది. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. వెళ్తామా లేదా తర్వాత సంగతి. వెళ్ళగలిగే మనిషితో షాపువాడు మాట్లాడే తీరే వేరు. ఇంకో సంగతి, నకిలీ సరుకు అమ్మేవాడు ఆ పార్టు నంబరు బిల్లు మీద రాసి సంతకం పెట్టడానికి జంకుతాడు. అసలుదో కాదో తేల్చుకోవడానికి అన్నిటికన్నా తేలికైన పరీక్ష అదే. "నంబరు వేసి బిల్లు ఇవ్వండి" అని అడిగి, ఆయన ముఖం చూడండి.

డబల్ క్లచ్ వాళ్ళకి ప్రత్యేకంగా

డబల్ క్లచ్ బండిలో పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పీటీఓ తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే పీటీఓ కూడా ఆగుతుంది. రోటవేటరుకీ, నూర్పిడి మిషనుకీ, గడ్డి కట్టలు కట్టే బేలరుకీ ఇది వరం. లోపల రెండు ప్లేట్లు ఉంటాయి, గేరు ప్లేటు ఒకటి, పీటీఓ ప్లేటు ఒకటి.

ఇక్కడ జరిగే అన్యాయం ఏంటంటే, గేరు ప్లేటు మార్చి, "పీటీఓ ప్లేటు బాగానే ఉందిలే" అని వదిలేయడం. రోటవేటరు ఎక్కువ వాడే బండికి పీటీఓ ప్లేటు మీద కూడా అంతే బరువు పడుతుంది. రెండూ కలిపి మార్చండి. పైగా డబల్ క్లచ్‌లో రెండు జతల ఫింగర్లు, వాటి మధ్య గ్యాపు, అన్నీ పుస్తకంలో చెప్పిన కొలతకి గేజి పెట్టి సెట్ చేయాలి. కంటి అంచనాకి తిప్పితే పీటీఓ సరిగా తెగదు. పెడల్ పూర్తిగా తొక్కినా షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. పంచె అంచో చీర కొంగో చిక్కితే తేరుకునే సమయం ఉండదు. ఇది డబ్బు విషయం కాదు, ప్రాణం విషయం. ఈ ఒక్క సెట్టింగు దగ్గర తొందర చేసే మెకానిక్‌ని ఆపండి.

సింగిల్ క్లచ్ బండికి డబల్ క్లచ్ పెట్టేద్దాం అనే ఆలోచన కూడా కొందరికి ఉంది. అది ప్లేటు మార్చినంత సులువు కాదు. లోపలి షాఫ్టులే వేరు. ఆ ఖర్చుకి బండి మార్చుకోవడం నయం అవుతుందేమో ముందు లెక్క చూసుకోండి.

పాత ప్లేటు పారేయకండి, చదవండి

ఏ క్లచ్ వేయాలో చెప్పే పంతులు ఆ పాత ప్లేటే. బండి విప్పిన రోజు దగ్గర ఉండండి. ప్లేటు చేతిలోకి తీసుకుని చూడండి.

లైనింగు రెండు వైపులా సమానంగా రివెట్ల దాకా అరిగిందా? అయితే అది వయసు అయిపోయి పోయింది. ఎవరి తప్పూ లేదు. అదే రకం మళ్ళీ వేయండి.

నూనె తడి ఉందా, జిడ్డుగా ఉందా? అయితే ఇంజను వెనక సీలో, గేరుబాక్సు ముందు సీలో కారుతోంది. అది మార్చకుండా ఎంత ఖరీదైన ప్లేటు వేసినా పోతుంది.

లైనింగు నల్లగా మాడి, గాజులా మెరుస్తోందా? హాఫ్ క్లచ్ వాడకం, లేదా పెడల్ మీద కాలు తీయకపోవడం, లేదా ఫ్రీ ప్లే లేకపోవడం. డ్రైవర్‌తో మాట్లాడాలి. తిట్టడం కాదు, మాట్లాడాలి.

హబ్బు స్ప్రింగులు విరిగాయా? లోడు మీద పెడల్ ఒక్కసారిగా వదిలేస్తున్నారు. ఇలాంటి చేతికి బటన్ ప్లేటు అసలు ఇవ్వకండి.

స్ప్లైన్ పళ్ళు ఒక పక్కకి అరిగాయా? పైలట్ బేరింగు పోయి షాఫ్టు ఊగుతోంది.

బురద, తుప్పు ఉందా? దమ్ములో నీళ్ళు లోపలికి వెళ్ళాయి. చాలా బండ్లకి క్లచ్ హౌసింగు కింద ఒక రంధ్రం ఉంటుంది. దమ్ముకి దిగేముందు దానికి బిరడా పెట్టాలని, దమ్ము అయ్యాక తీసేయాలని పుస్తకాల్లో ఉంటుంది. పెట్టకపోతే బురద లోపలికి పోతుంది. తీయకపోతే లోపల కారిన నూనె బయటికి రాదు.

ఒక జాగ్రత్త. లోపలి పొడిని నోటితో ఊదకండి, కంప్రెసర్ గాలితో కొట్టకండి. పాతకాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, పేరులేని సరుకులో ఏముందో తెలియదు. ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిగుడ్డతో తుడవమనండి.

ఇంకా ముఖ్యమైనది, విప్పకముందే చూడాల్సింది ఒకటుంది. జారుతోందనగానే ప్లేటు పోయినట్టు కాదు. పెడల్ ఫ్రీ ప్లే చూడండి. ఎంత ఉండాలో బండి పుస్తకంలో ఉంటుంది. అస్సలు లేకపోతే కొత్త ప్లేటు కూడా జారుతుంది. ముందు అది సరిచేసి, ఎవరూ ముందూ వెనకా లేని చోట, రెండు బ్రేకులూ కలిపి లాక్ చేసి, పై గేరు వేసి పెడల్ వదలండి. ఇంజను ఆగిపోతే పట్టు ఉన్నట్టు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఒక్కసారి చూస్తే చాలు, పదిసార్లు చేస్తే ఆ పరీక్షకే ప్లేటు మాడుతుంది.

"చెప్పడం తేలికే, డబ్బులెక్కడివి?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. సీజన్ మొదట్లో పెట్టుబడికే అప్పు తెస్తున్నప్పుడు ఒకేసారి అంత ఎలా పెట్టాలి?

నా జవాబు, అందుకే సీజన్లో విప్పే పరిస్థితి తెచ్చుకోవద్దు. క్లచ్ ఒక్కరోజులో పోదు. ముందే చెబుతుంది. లోడు మీద ఇంజను సౌండు పెరిగి బండి వేగం పెరగకపోవడం, గేరు వేస్తుంటే గరగరమనడం, మాడిన వాసన, పెడల్ తొక్కగానే లోపల కీచుమనడం, ఇవన్నీ కబుర్లే. ఆ కబురు వినపడ్డాక కూడా "ఈ పంట గట్టెక్కనీ" అని నెట్టుకొస్తాం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటాం. పంట డబ్బు చేతికొచ్చాక, ఎండాకాలం బండి ఖాళీగా ఉన్నప్పుడు విప్పిస్తే మెకానిక్ తీరిగ్గా చేస్తాడు, సామాను వెతుక్కునే టైము మనకీ ఉంటుంది. దమ్ము మధ్యలో అయితే షాపులో ఏదుంటే అది, వాడు చెప్పిందే రేటు.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. "మెకానిక్ పాతికేళ్ళ అనుభవం ఉన్నోడు, ఆయన కన్నా మనకి తెలుసా?" తెలియదు. బిగించే పనిలో ఆయనే గురువు. ప్లేటుని డమ్మీ షాఫ్టుతో మధ్యకి తేవడం, ఫ్లైవీల్ వైపు అని రాసిన ముఖం అటే పెట్టడం, రెండు సగాలూ కలిపేటప్పుడు గేరుబాక్సు బరువు ప్లేటు మీద వేలాడకుండా చూడటం, ఇవన్నీ ఆయన చేతి పనితనం. దానికి అడిగిన కూలి ఇవ్వండి. కానీ ఆయనకి మనం చెప్పింది "తక్కువలో చేసెయ్ అన్నా" అని. ఆయన తక్కువలోనే చేశాడు. తర్వాత పోతే ఆయన్ని తిట్టడం ఏం న్యాయం? కొన్ని చోట్ల సామాను మీద షాపు నుంచి కమీషన్ ఉంటుందన్నదీ నిజమే. మందు చీటీ రాసేవాడికీ మందు అమ్మేవాడికీ మధ్య మనం ఉన్నట్టు. అందుకే సామాను మనమే, బిల్లుతో కొనుక్కురావాలి. బిగించే పని ఆయనకి వదిలేయాలి.

మరి కంపెనీల మాట? లక్షలు పోసి బండి కొంటే చేతిలో పెట్టే పుస్తకం చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. అందులో ఏ క్లచ్, ఏ నంబరు, ఫ్రీ ప్లే ఎంత, ఫింగర్ల ఎత్తు ఎంత అన్నవి మన రైతు చదువుకునే తెలుగులో ఉండాలి. షోరూమ్‌లో బండి బోనెట్టు మీద పూలదండ వేసి ఫోటో తీసుకునేటప్పుడు ఒక్కసారి అడగండి, "తెలుగు పుస్తకం ఏదండీ?" అని. ఒక్కడు అడిగితే నవ్వుతారు. ఊరికి పది మంది అడిగితే అచ్చు వేస్తారు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఎరువులూ విత్తనాలూ తెస్తున్నాయి కదా. ఊళ్ళో ఎక్కువ ఉన్న రెండు మూడు రకాల బండ్లకి అసలైన క్లచ్ సెట్లు కూడా బిల్లుతో తెప్పించి పెట్టొచ్చు. నాట్ల టైములో టౌనుకి పరుగెత్తే పని తప్పుతుంది. మీ సంఘం మీటింగులో ఈ మాట పెట్టండి.

ఈసారి క్లచ్ మార్చాల్సి వస్తే ప్రశ్నల వరస మార్చండి. పాతది ఎందుకు పోయింది? నా బండి ఏం పని చేస్తోంది? కంపెనీ నుంచి ఏ రకం వచ్చింది? చాసిస్ నంబరుకి ఏ పార్టు నంబరు? లోపల ఇంకా ఏమేం మార్చాలి? బిల్లు ఇస్తారా?

ఈ ఆరింటికీ జవాబు వచ్చాక అప్పుడు అడగండి, ఎంత అని. బేరం కూడా అప్పుడే ఆడండి, గట్టిగా ఆడండి. ఏం కొంటున్నామో తెలిసినవాడి బేరానికే విలువ.